జ్వరం తగ్గింది, నీరసం తగ్గలేదు: అమ్మకు ఏం పెట్టాలి

చి. సౌ. సుజాతకు ఆశీస్సులు.

చికెన్‌గున్యా తగ్గి నెల దాటినా అమ్మ నాలుగడుగులు వేస్తే కూలబడుతోందని రాశావు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి అది వింతేమీ కాదు. పొద్దున రెండిడ్లీ, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం రాగి జావ, రాత్రి బ్రెడ్డు, పాలు. ఇదీ నువ్వు రాసిన తిండి. నీరసంలో సగం జ్వరం పెట్టిందైతే సగం ఈ పత్యం పెట్టిందే.

పెద్దవాళ్లు పది రోజులు మంచాన పడితే చాలు, తొడల్లో కండ కరుగుతుంది. అది మళ్లీ పట్టడానికి ప్రొటీన్ కావాలి, అదీ పడుచువాళ్లకంటే ఎక్కువగా. కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాములు లెక్క వేసుకో. అమ్మ 52 కిలోలు కాబట్టి 62 గ్రాముల దాకా కావాలి. నువ్వు పెడుతున్నదాంట్లో పాతిక దాటడమే గగనం. కిడ్నీ జబ్బుంటే మాత్రం ఈ లెక్క చెల్లదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించి, ఎంత పెట్టాలో డాక్టరునే అడగాలి.

ఇడ్లీకి బదులు పెసరట్టు వెయ్యి. యాభై గ్రాముల పెసలకు 12 గ్రాములు వస్తాయి, రెండిడ్లీలకు నాలుగే. మధ్యాహ్నం పప్పుకట్టు కాదు, ముద్దపప్పు పెట్టు. ఆవిడ ఒక్కదానికే నలభై గ్రాముల కందిపప్పు ఉడికించు, 9 గ్రాములు అవుతుంది. దానికి ఒక గుడ్డు, ఒక కప్పు గట్టి పెరుగు తోడైతే అన్నంతో కలిపి పాతిక దగ్గరకొస్తుంది. చేప తింటుందంటే ఇంకా మంచిది. రాత్రి బ్రెడ్డు మానేసి, మెత్తగా ఉడికిన పెసరపప్పు కిచిడీ పెట్టు, పక్కన పెరుగు. ప్రొటీనంతా ఒక్క పూటే పెడితే ఫలితం తక్కువ, మూడు పూటలా పంచాలి.

జావ మానొద్దు, కాచే పద్ధతి మార్చు. పల్చటి మజ్జిగ కలిపిన రాగి జావ గ్లాసుడు తాగినా రెండు మూడు గ్రాములే. రెండు పెద్ద చెంచాల రాగి పిండి చల్లటి నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, కాగుతున్న నీళ్లలో పోసి, పచ్చివాసన పోయేదాకా ఉడికించు. దింపే ముందు ముప్పావు గ్లాసు పాలు పొయ్యి. దించాక రెండు పెద్ద చెంచాల పుట్నాల పప్పు పొడి కలుపు. అదే గ్లాసు పది గ్రాములవుతుంది. సుగర్ ఉంది కనుక బెల్లం వద్దు, చిటికెడు యాలకుల పొడి చాలు. డబ్బాల్లో అమ్మే పొడుల మీద వందలు పోసే ముందు ఇది చేసి చూడు.

నోరు చేదుగా ఉందని తినకపోతే నిమ్మరసం, అల్లం, కరివేపాకు కారం వాడు. పళ్ల సెట్టు వదులైందేమో కూడా చూడు. బరువు తగ్గినవాళ్లకు అది జారుతుంది, నమల్లేక అన్నం వద్దంటారు, ఆ సంగతి మాత్రం చెప్పరు.

దాహం వెయ్యదు కాబట్టి అడిగి తాగించాలి. నీళ్లు, మజ్జిగ, చారు అన్నీ కలిపి రోజుకు లీటరున్నర. గుండె, కిడ్నీ ఇబ్బందులుంటే డాక్టరు చెప్పినంతే. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర వాడుతూ కిడ్నీ కూడా మందగించినవాళ్లకు రోజూ కొబ్బరినీళ్లు మంచిది కాదు, పొటాషియం పెరుగుతుంది.

బలానికని సెలైన్ పెట్టించే ఆలోచన మానుకో. అయిదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది పాతిక గ్రాముల గ్లూకోజే, అంటే ఒక అరటిపండంత శక్తి. ఆ రోజు కాస్త తేలికగా అనిపించడం ఒంట్లో నీరు చేరడం వల్ల. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ నీరే ఆయాసమవుతుంది.

మాత్రల సంగతి తిండికంటే ముందు చూడాల్సింది. తిండి సగమై, సుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ అంతే వేస్తే సుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తే వెంటనే మీటరుతో చూడు. 70 లోపుంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడు. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకు, 108కి ఫోన్ చెయ్యి. బీపీ కూడా పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి చూడు. పై అంకె 20 పడిందంటే లేవగానే తూలుతుందన్నమాట. అంకెలు డాక్టరుకు చూపించు, నీ అంతట నువ్వు మాత్ర ఆపకు. కీళ్ల నొప్పికి షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసెయ్యడం కిడ్నీకి, బీపీకి రెండింటికీ చేటు.

ఇక నడక. ఓపిక వచ్చిందనిపించిన రోజే ప్రమాదం. ఆ రోజు ఇల్లంతా సర్ది, తలంటుకుని, ఎల్లుండికి మళ్లీ మంచమెక్కుతుంది. ఈ నీరసం అప్పటికప్పుడు కాదు, ఒకటి రెండు రోజులు ఆగి దెబ్బ కొడుతుంది. అందుకని ఏ కొత్త పనికైనా రెండు రోజులు ఆగి తీర్పు చెప్పు. ఉదయం, సాయంత్రం అయిదేసి నిమిషాలు ఇంట్లోనే నడిపించు. చేతుల కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమను. నాలుగు రోజులు ఏ తేడా రాకపోతే ఒక్క నిమిషం పెంచు, తేడా వస్తే సగానికి దించు. "ఓర్చుకుని నడవాలమ్మా" అని బలవంతపెట్టడం ఈ జబ్బులో పనికిరాదు. స్నానానికి స్టూలు వేసి కూర్చోబెట్టు. పొద్దున స్నానమైతే ఆ పూట వేరే పని చెప్పొద్దు.

ఇంత చేసినా మరో రెండు వారాల్లో తేడా లేకపోతే రక్త పరీక్షలు చేయించు: సీబీసీ (రక్తకణాల లెక్క), సుగర్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12. ఏళ్లతరబడి సుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బీ12 తగ్గడం మామూలే. మూత్రం ఎక్కువ పోయించే నీళ్ల మాత్ర మింగుతూ ఉప్పు లేని జావతో గడిపేవాళ్లకు సోడియం పడిపోతుంది, దాన్నీ జనం నీరసమనే అనుకుంటారు. సాయంత్రంపూట జ్వరం, ఆయాసం, కాళ్ల వాపు, నల్లటి విరేచనం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా రెండు వారాలు ఆగొద్దు.

ప్రతి ఆదివారం పరగడుపున బరువు చూసి, వాడుతున్న మాత్రల పేర్ల పక్కనే రాసిపెట్టు. ఈసారి డాక్టరు దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్లు.

ఇట్లు,
పెద్దమ్మ