ట్యూషన్ మాస్టర్ని మార్చకండి

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. మిగతా సబ్జెక్టుల్లో 80కి తగ్గదు, లెక్కల్లో 40 దాటదు. లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే వాంతులు. మావారు లెక్కల్లో దిట్ట. రోజూ రాత్రి కూర్చోబెట్టుకుని చెప్తారు. తప్పు చేస్తే అరుస్తారు, మా బావగారి అబ్బాయితో పోలుస్తారు. మధ్యలో వెళ్తే గొడవ పెద్దదవుతుందని నేను వంటింట్లోనే ఉండిపోతాను. ఆయన బండి చప్పుడు వినగానే అమ్మాయి అప్పటిదాకా చేసిన లెక్క చెరిపేస్తుంది. ఇద్దరు ట్యూషన్ మాస్టర్లను మార్చాం. మూడో ఆయన దగ్గర చేర్చమంటారా? ఇంటర్‌లో ఎంపీసీయా, బైపీసీయా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ట్యూషన్ సంగతి పక్కన పెట్టండి. బండి చప్పుడు అని రాశారే, అసలు విషయం అక్కడుంది. లెక్క తప్పో ఒప్పో తేలకముందే చెరిపేస్తోందంటే ఆ పిల్ల భయపడుతున్నది వాళ్ల నాన్నకు.

వర్గ సమీకరణం చేయాలంటే బి స్క్వేర్ ఎంత, 4ఏసీ ఎంత, గుర్తు ప్లస్సా మైనస్సా అన్నీ ఒకేసారి మనసులో నిలవాలి. ‘ఇప్పుడు తిడతారేమో’ అనే ఆలోచన వచ్చిందా, అవి జారిపోతాయి. అమెరికాలో ఆష్‌క్రాఫ్ట్, కిర్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో ప్రయోగాలు చేసి ఇదే చూపించారు. మీ అమ్మాయికి తెలివి తక్కువేం లేదు.

ఆయన మంచి తండ్రే కావచ్చు. అలసిపోయి వచ్చి కూడా కూతురి పక్కన కూర్చుంటున్నారు. అయినా ఇంకో పిల్లాణ్ణి చూపించి కన్నబిడ్డను చిన్నబుచ్చే హక్కు తండ్రికి కూడా లేదు. మీరు వంటింట్లో ఉండిపోవడం కూడా నాకు నచ్చలేదు. గొడవ తప్పించుకోవడానికి పిల్లను ఒంటరిగా వదిలేస్తున్నారు.

ఈ రాత్రే, అమ్మాయి పడుకున్నాక ఆయనతో మాట్లాడండి. పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా ఆయన లెక్కల పుస్తకం ముట్టుకోకూడదు. కూతుర్ని బండి మీద బజారుకు తీసుకెళ్లమనండి, మార్కుల ఊసెత్తకుండా. ఇప్పుడున్న మాస్టారినే కొనసాగించి, తేలిక లెక్కలతో మొదలుపెట్టమని చెప్పండి. పరీక్షకు ముందు పది నిమిషాలు తన భయాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోమనండి. అలా రాసుకున్న పిల్లలు పరీక్ష మెరుగ్గా రాశారని 2011లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు ప్రకటించారు. వాంతుల విషయం మాత్రం డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఎంపీసీయా, బైపీసీయా అన్నది అమ్మాయి చెప్పాలి. ఇద్దరూ కూర్చుని అడగండి, తను నోరు విప్పేదాకా ఆగండి.