కుడిచేతి వాటం పిల్లాడికి ఎడమచేతి విల్లా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా గుంటడు విజయనగరంలో ఎనిమిదో తరగతి చదువుతూ కొన్ని నెలలుగా ఆర్చరీ నేర్చుకుంటున్నాడు. బాణాలన్నీ గుంపుగానే పడతాయి గానీ టార్గెట్‌కి బాగా ఎడమగా పోతున్నాయి. ఎడమ కన్ను మూస్తే సరిగ్గా తగులుతున్నాయి. కోచ్ గారు ఎడమచేతి విల్లు, అంటే ఎడమచేత్తో నారి లాగేది, పట్టించమంటున్నారు. మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు. పైగా వాడికి కళ్లజోడు ఉంది. సొంత విల్లు కొనమంటారా? స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందా?

జవాబు: విల్లు ఇప్పుడే కొనకండి. బాబుకి ఏ చేతి విల్లు కావాలో తేలేదాకా దాని మీద రూపాయి పెట్టొద్దు.

చేతివాటం ఉన్నట్టే కంటివాటం కూడా ఉంటుందండి. రెండు కళ్లలో ఒకటి పెత్తనం చేస్తుంది. కోచ్‌లు దాన్ని డామినెంట్ ఐ అంటారు. చాలామందికి చేయి, కన్ను ఒకే వైపు ఉంటాయి, కొందరికి ఉండవు. కుడిచేత్తో నారి లాగినప్పుడు బాణం కుడికన్ను కిందికి వస్తుంది. అప్పుడు సైట్‌ని, అంటే విల్లుకి బిగించే గురి చూసే పరికరాన్ని, ఎడమకన్ను పట్టుకుందనుకోండి. రెండు కళ్ల మధ్య దూరం 6 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. సైట్ కంటికి 80, 90 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ కాస్త తేడా 18 మీటర్ల దూరం వెళ్లేసరికి మీటరు దాటుతుంది, అదీ ఎడమకే. మీ వాడి విషయంలో జరుగుతున్నది ఇదేనని నాకనిపిస్తోంది. గుంపుగా పడుతున్నాయంటే చేతిపని బాగానే కుదిరింది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి ఎదురు గోడ మీది గడియారాన్ని రెండు కళ్లతో చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే పెత్తనం కన్ను. కళ్లజోడు పెట్టుకునే చేయించండి, వేరే రోజుల్లో మళ్లీ చేయించండి. అంతకన్నా ముందు కంటి డాక్టరు దగ్గర పవర్ సరిచూపించండి. ఒక కంటి పవర్ సరిగ్గా లేకపోతే రెండో కన్ను పెత్తనం తీసుకున్నట్టు కనిపించవచ్చు.

ప్రతిసారీ ఎడమకన్నే వస్తే నేను కోచ్ గారి పక్షమే. నేర్చుకోవడం మొదలై నెలలే అయింది కాబట్టి ఇప్పుడు చేయి మార్చడం తేలిక. కొన్ని వారాలు ఇబ్బంది పడతాడు, అంతే. రాష్ట్రస్థాయిలో ఏళ్ల తరబడి ఆడినవాడైతే ఈ మాట చెప్పను. అలాంటివాళ్లు ఎడమకన్నుకి ప్యాచ్ పెట్టుకోవచ్చు, లేదా కళ్లజోడులో ఆ వైపు అద్దానికి టేప్ వేసుకోవచ్చు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అద్దం మొత్తం కప్పాలి, గురికి సాయపడే గుర్తులేవీ ఉండకూడదు. కన్ను గట్టిగా మూసుకుని బాణం వేయడం మాత్రం అలవాటు చేయొద్దు. పోటీల్లో మొదటి దశ అయిన క్వాలిఫికేషన్‌లో 72 బాణాలు వేయాలి, ముఖం కండరాలు బిగుసుకుని అలసట వచ్చేస్తుంది. చివర్లలో కప్పీలుండే కాంపౌండ్ విల్లులో నారి మధ్య పీప్ అనే చిన్న రంధ్రం ఉంటుంది, ఒకే కంటితో దాంట్లోంచి చూస్తారు కాబట్టి ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా చేరింది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది కాంపౌండ్‌లోనే. అయినా కంటి సమస్య దాటడానికి మాత్రమే దాంట్లోకి వెళ్లకండి, ఖర్చు చాలా ఎక్కువ.

తాతగారికి చెప్పండి, ఎడమచేత్తో అన్నం తినమనడం లేదు కదా! విల్లుకి రెండు చేతులూ పనిచేస్తాయి. అర్జునుడు రెండు చేతులతోనూ బాణాలు వేసినవాడేనని ఆయనకి మనం చెప్పాలా?

కొనే రోజు వచ్చినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. చివరలు ముందుకు వంగి ఉండే మామూలు రికర్వ్ విల్లులో పైనా కిందా ఉండే లింబ్స్ ఏ చేతివాటానికైనా సరిపోతాయి. మధ్యలో పట్టుకునే రైజర్, సైట్, నారి లాగే వేళ్లకి తొడిగే ట్యాబ్ మాత్రం కుడికీ ఎడమకీ వేరు. తప్పుగా కొంటే డబ్బు పోయినట్టే.

కళ్లజోడు ఆటకి అడ్డు కాదు. కొరియా ఆర్చర్ ఇమ్ డాంగ్‌హ్యున్‌కి ఎడమకంటి చూపు 6/60 మాత్రమే, అంటే మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనిపించేది ఆ కంటికి 6 మీటర్ల నుంచే కనిపిస్తుంది. అయినా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 720కి 699 కొట్టి ప్రపంచ రికార్డు పెట్టాడు. అసలు చిక్కు ఫ్రేమ్‌తో వస్తుంది. తల పక్కకి తిప్పి గురి చూసేటప్పుడు చూపు అద్దం మధ్యలోంచి పోదు, ముక్కువైపు అంచులోంచి పోతుంది. అందుకే ముక్కు దగ్గర సన్నగా, అద్దాలు పెద్దగా ఉండే ఫ్రేమ్ తీసుకోండి. సైట్‌నీ టార్గెట్‌నీ ఒకేసారి స్పష్టంగా చూడటం ఏ కంటికీ కుదరదు. టార్గెట్ మధ్యలోని పసుపు వలయం స్పష్టంగా, సైట్ మసకగా కనిపిస్తే చాలని మామూలుగా నేర్పుతారు. సైట్ కాస్త కదులుతుంటే టెన్షన్ పడి బిగపట్టొద్దని వాడికి చెప్పండి.

ఇక ఉద్యోగం. మన జిల్లాలో కొండవెలగాడ లాంటి ఊళ్లు వెయిట్ లిఫ్టింగ్‌లో వేసినంత దారి విల్లుకి ఇంకా పడలేదు, కాబట్టి చదువు తగ్గించకండి. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా క్రీడల జాబితాలో ఆర్చరీ ఉంది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లోగానీ, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోగానీ, రాష్ట్ర పాఠశాలల జట్టులో జాతీయ స్కూల్ గేమ్స్‌లోగానీ ఆడి ఉండాలి. జిల్లా మెడల్ ఒక్కటే ఉంటే సరిపోదు. కళ్లజోడు అడ్డొచ్చేది యూనిఫాం ఉద్యోగాల్లో. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి దళాల్లో కానిస్టేబుల్‌కి కళ్లజోడు లేకుండానే ఒక కంటికి 6/6, రెండో కంటికి 6/9 చూపు అడుగుతారు. వాడి పవర్‌ని బట్టి ఆ దారి మూసుకుపోవచ్చు. రైల్వే, ఇన్‌కమ్ ట్యాక్స్ లాంటి చోట్ల ఆఫీసు పోస్టులనే దృష్టిలో పెట్టుకోండి. వాడు జాతీయ పోటీ ఏది ఆడినా, కేంద్రం నిర్ణయించిన ఫారంలో సర్టిఫికెట్ అప్పుడే రాయించుకోండి. ఏళ్లు గడిచాక వెళితే సంతకం పెట్టాల్సినవాళ్లు ఆ పదవిలో ఉండరు.