యాప్ దిగినా ఇంట్యూన్‌లో 'ఫెయిల్డ్' అని చూపిస్తుంటే

ఆఫీసు కంప్యూటర్లకు యాప్‌లు పంపే మైక్రోసాఫ్ట్ సాధనం ఇంట్యూన్‌లో, యాప్ దిగినా 'ఫెయిల్డ్' అని ఎందుకు వస్తోందని అడిగారు. మీ ప్యాకేజీలో లోపం లేదండి. యాప్ తెరుచుకుంటోంది, సెటప్ రిటర్న్ కోడ్ కూడా 0 (అంటే విజయవంతం) వస్తోంది అంటున్నారు. అయినా ఫెయిల్ అని వస్తోందంటే తప్పు, యాప్ కంప్యూటర్‌లో ఉందో లేదో తేల్చే డిటెక్షన్ రూల్‌దే. సెటప్ ముగిశాక ఇంట్యూన్ ఆ రూల్‌ను మళ్లీ నడుపుతుంది. అక్కడ దొరక్కపోతే, యాప్ కళ్లెదుట ఉన్నా దాని లెక్కలో లేనట్టే.

మీరు ఆ రూల్‌లో ఫైల్ వెర్షన్‌కు 'ఈక్వల్స్' (సరిగ్గా అదే ఉండాలి) పెట్టారు. మీ సెటప్ ఏమో నేరుగా తాజా వెర్షన్‌ను దించుకునే రకం. ఇక మీరు రాసిన అంకె ఎక్కడ దొరుకుతుంది? 'ఈక్వల్స్'ను 'గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు' (అదే లేదా అంతకంటే పెద్దది) చేయండి. ఎంఎస్ఐ రకం సెటప్ ఫైల్‌కు ఉండే గుర్తింపు సంఖ్య, అంటే ప్రోడక్ట్ కోడ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, తనంతట తాను అప్‌డేట్ అయ్యే యాప్‌లలో వెర్షన్‌తో పాటు అదీ మారిపోవచ్చు.

అప్పటికీ కుదరకపోతే రూల్‌లో ఇచ్చిన పాత్ (ఫైల్ ఉండే చోటు) చూడండి. ఇన్‌స్టాల్ బిహేవియర్ (సెటప్ ఏ ఖాతాతో నడవాలనే సెట్టింగ్) 'సిస్టమ్' అయి, పాత్ ఒక్కో యూజర్‌కు విడిగా ఉండే యాప్‌డేటా ఫోల్డర్‌లో ఉంటే, వెతుకులాట సిస్టమ్ ఖాతా ప్రొఫైల్‌లో జరుగుతుంది, ఉద్యోగి ప్రొఫైల్‌లో కాదు. మెషీన్ మొత్తానికి పనిచేసే సెటప్ ఉంటే అదే వాడండి, సగం తలనొప్పులు పోతాయి. రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచే చోటు) రూల్ వాడితే, మీ యాప్ 32 బిట్‌ది అయినప్పుడు మాత్రమే, దానికి సంబంధించిన ఆప్షన్‌ను 'ఎస్' చేయాలి.

ముందు ఐదారు కంప్యూటర్ల గ్రూప్‌కే పంపండి. వరుసగా మూడుసార్లు ఫెయిలైన కంప్యూటర్‌లో ఇంట్యూన్ మళ్లీ ప్రయత్నించడానికి 24 గంటలు ఆగుతుంది. స్టేటస్ మారలేదని ఈలోగా రూల్‌ను మళ్లీ కెలకొద్దు. అసలు కారణం తెలియాలంటే ప్రోగ్రామ్‌డేటాలో మైక్రోసాఫ్ట్ కింద ఉన్న ఇంట్యూన్ మేనేజ్‌మెంట్ ఎక్స్‌టెన్షన్ లాగ్‌లు చూడండి.