డ్రింకు తాగడం వేరు, డ్రింక్ చేయడం వేరు

అమెరికాలో కూల్‌డ్రింకుని ఒకచోట సోడా, ఇంకోచోట పాప్ అంటారట, మన దగ్గర కూడా ప్రాంతాన్నిబట్టి ఇలా మాటలు మారతాయా అని అడిగారు. మారతాయి. కాకపోతే మన కథ కొంచెం తిరగేసి ఉంటుంది. కూల్‌డ్రింకు అనే మాట శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అందరికీ తెలుసు. ఆ మాట వినగానే ఎవరి కళ్ళముందు ఏ సీసా కనబడుతుందన్నదే ఊరూరికీ మారుతుంది. (శీతల పానీయం అని పేపర్లో చదవడమే గాని, కొట్టు దగ్గర నిలబడి ఆ మాట అన్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.)

మాది రామచంద్రపురానికి దగ్గర్లో ఓ పల్లె. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే మా నాన్న చేతిలో డబ్బులు పెట్టి "బడ్డీ కొట్టుకెళ్ళి నాలుగు డ్రింకులట్రా" అనేవారు. ఏ డ్రింకులని నేనూ అడిగేవాణ్ణి కాదు, కొట్టాయనా అడిగేవాడు కాదు. ఆర్టోసే. 1919లో మా రామచంద్రపురంలోనే మొదలైన కంపెనీ తయారుచేసే ద్రాక్ష రుచి డ్రింకు అది. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు బస్సు దిగగానే చేతిలో పెట్టేదీ అదే. ఖాళీ సీసాలు మళ్ళీ కొట్లో అప్పజెప్పాలి కాబట్టి, చుట్టాలు తాగుతున్నంతసేపూ నేను గుమ్మం దగ్గరే కాపలా. అది దేశమంతా దొరుకుతుందనుకునేవాణ్ణి. కాలేజీకి వేరే జిల్లా వెళ్ళి, హాస్టల్ ఎదురుగా ఉన్న కొట్లో "ఆర్టోస్ ఉందా?" అంటే, అదేదో తలనొప్పి మాత్ర అనుకుని ఆయన మందుల షాపు చూపించాడు.

ఆ హాస్టల్లో థమ్సప్ రాజ్యం. "పదరా, థమ్సప్ తాగొద్దాం" అని బయల్దేరి లిమ్కా తాగి వచ్చేవాళ్ళు, అందులో వాళ్ళకేం తేడా కనబడేది కాదు. అమెరికా దక్షిణాదిన ఏ కూల్‌డ్రింకునైనా కోక్ అనేస్తారని మీరు వినే ఉంటారు. మన దగ్గర ఆ పీట కోక్‌కి దక్కకపోవడానికి నాకు తోచిన కారణం ఇది. 1977లో కోకాకోలా ఇండియా వదిలి వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చింది 1993లో. మా తరానికి నోటి రుచి, నోటి మాట కుదురుకున్న పదహారేళ్ళూ ఆ సీసా కొట్లో లేదు. సరిగ్గా అదే 1977లో పార్లే వాళ్ళు థమ్సప్ తెచ్చారు. కోకాకోలా తిరిగొస్తూనే పార్లే బ్రాండ్లు కొనేసుకుంది గాని, అప్పటికే మనవాళ్ళకి ఆ పేరు అలవాటైపోయింది.

ఇక సోడా సంగతి. మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనకి సోడా అంటే తీపి ఉండకూడదు. ఉత్త గ్యాసు నీళ్ళు. అందులో నిమ్మకాయ పిండించుకుంటే "స్వీటా, సాల్టా?" అని అడుగుతాడు, రంగూ తీపీ కలిపితే కలర్ సోడా. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన 1870లలో కనిపెట్టిన సీసా మన బళ్ళమీదికొచ్చి గోలీ సోడా అయింది. లోపలి గ్యాసే గోలీని పైకి తన్ని మూతిలోని రబ్బరుకి బిగదీస్తుంది, వేరే మూత అక్కర్లేదు. అందుకే "సోడా కొట్టు" అంటాం గాని "సోడా మూత తియ్యి" అనం. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కగానే కీచుమని వచ్చే ఆ చప్పుడుకే సగం దాహం తీరేది. ఢిల్లీలో దాన్ని బంటా అంటారు. ఆ మాటకీ గోలీ అనే అర్థం. సీసాలు తగ్గిపోయినా, మందపు అద్దాలు పెట్టుకున్నవాణ్ణి సోడాబుడ్డి అని ఏడిపించడం మాత్రం పోలేదు.

ఉద్యోగం మొదట్లో కర్నూల్లో రెండు వేసవులు గడిపాను. విజయవాడ, గుంటూరు వైపు తిరిగిన అలవాటు కొద్దీ ఓ బంకు దగ్గర సుగంధి సోడా అడిగాను. లేదన్నాడు. పక్కనే ఒకాయన తాగుతున్న ఎర్రటి గ్లాసులోంచి అచ్చం అదే వాసన! అదేంటంటే "నన్నారి సార్" అన్నాడు. రెండూ సుగంధిపాల వేరుతో చేసినవే. కోస్తాలో సుగంధి, సీమలో నన్నారి. తమిళంలోనూ దాని పేరు నన్నారే. బడ్డీ కొట్టుని బంకు అనడం కూడా నాకు అక్కడే పరిచయం, అప్పటిదాకా బంకంటే నాకు పెట్రోలు పోసే చోటే.

వరంగల్ దగ్గర ఓ స్నేహితుడింటికి మే నెలలో వెళ్ళినప్పుడు వాళ్ళమ్మగారు "ఎండల వచ్చిన్రు, సల్ల తాగుతరా?" అన్నారు. ఫ్రిజ్‌లోంచి ఏదో సీసా తీస్తారనుకుని, "వద్దండీ, చల్లటివి పడవు, గొంతు పట్టేస్తుంది" అన్నాను. "సల్లకు గొంతు పట్టుడేంది బిడ్డా!" అని ఆవిడ నవ్వి గ్లాసుడు మజ్జిగ తెచ్చారు. చల్లకొచ్చి ముంత దాచినట్టు అన్న సామెత వెయ్యిసార్లు వాడి ఉంటాను, ఎదురుగా చల్ల అంటే మాత్రం గుర్తుపట్టలేదు.

హైదరాబాద్‌లో జరిగింది ఇంకా అన్యాయం. కొత్త ఆఫీసు, పొద్దున్న పదకొండు. మా ఊరి అలవాటులో పై ఆఫీసర్ని "సార్, కిందకెళ్ళి డ్రింక్ తీసుకుందామా?" అన్నాను. ఆయన ఒకసారి గడియారం వైపు, ఒకసారి నా వైపు చూశారు. మా గోదావరి వైపు తేడా అంతా క్రియలో ఉంటుంది. "డ్రింకు తాగాడు" అంటే కూల్‌డ్రింకు, "డ్రింక్ చేస్తాడు" అంటే మందు. పెళ్ళిసంబంధాలప్పుడు అబ్బాయి గురించి వాకబు చేసేవాళ్ళు "చేస్తాడా?" అనే అడుగుతారు. నేను "తీసుకుందామా" అనేసరికి ఆయనకి రెండో అర్థం తగిలింది. అప్పట్నుంచి ఆఫీసులో "థమ్సప్ తాగుదాం" అంటాను, ఏ గొడవా లేదు. పాతబస్తీ వైపైతే ఠండా.

చెన్నై వెళ్తే పన్నీర్ సోడా కనబడుతుంది, భయపడకండి. మన పన్నీటి బుడ్డిలోని పన్నీరే అది, పాలక్ పనీర్‌లో వేసే ముక్కలు కాదు.

అమెరికా అనుభవం కూడా రెండు మాటల్లో. న్యూజెర్సీలో నేను నిమ్మకాయ, ఉప్పు వేసుకుందామని సోడా అడిగితే, ఏ సోడా అంటూ స్ప్రైట్‌తో మొదలుపెట్టి తియ్యటి పేర్లన్నీ చదివిందా అమ్మాయి. మనక్కావలసింది అక్కడ క్లబ్ సోడా. డిట్రాయిట్ దగ్గరుండే మా చెల్లెలు పదేళ్ళుగా పాప్ అంటోంది. టెక్సస్‌కి మారిన మా బావమరిది ఇంట్లో అన్నీ కోకే, డాక్టర్ పెప్పర్ అనే వేరే డ్రింకుతో సహా.

మా అమ్మ మాత్రం ఇప్పటికీ ఆరెంజ్ రంగులో ఏది కనబడినా గోల్డ్‌స్పాట్ అంటుంది. ఆ సీసా కొట్లోంచి పోయి ఎన్నేళ్ళయిందో. మా వీధి చివర బడ్డీ కొట్టు కుర్రాడు అది పోయాక పుట్టినవాడే, అయినా "గోల్డ్‌స్పాట్ ఒకటియ్యి నాయనా" అనగానే ఏమీ అడక్కుండా ఫాంటా తీసి చేతిలో పెడతాడు.