ఓడ ఎక్కడం వేరు, ఓడ కట్టడం వేరు

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. లెక్కలు, ఫిజిక్స్ బాగా వస్తాయి. ఓడల నిర్మాణం చదువుతానని పట్టుబడుతోంది. నెలల తరబడి సముద్రం మీదే ఉండాల్సి వస్తుందేమోనని వాళ్లమ్మ భయపడుతోంది. షిప్‌యార్డుల్లో పనంతా రోబోలే చేస్తున్నాయి, ఇక ఉద్యోగాలెక్కడివని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: ముందు మీ శ్రీమతి గారి భయం సంగతి చూద్దాం. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఓడల రూపకల్పన నేర్పే నేవల్ ఆర్కిటెక్చర్ అయితే, ఆమె పని చాలావరకు నేల మీదే ఉంటుంది. డిజైన్ కార్యాలయం, షిప్‌యార్డు, లేదా ఓడ గట్టిదనాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే వర్గీకరణ సంస్థ. కొత్త ఓడను పరీక్ష కోసం సముద్రంలోకి తీసుకెళ్లినప్పుడు కొన్ని రోజులు అందులో గడపాల్సి రావచ్చు, అంతే. నెలల తరబడి సముద్రం మీద ఉండేది మెరైన్ ఇంజినీరింగ్ చదివి ఇంజన్ గది చూసుకునేవారు, నాటికల్ సైన్స్ చదివి ఓడ నడిపేవారు. ఈ మూడు పేర్లూ చుట్టాల్లా వినిపిస్తాయి. ఒకటనుకుని మరొకదానిలో చేరి, రెండో ఏడాదిలో దిగాలుగా నా ముందు కూర్చునే పిల్లలు తక్కువేమీ కాదు. దరఖాస్తులో కోర్సు పేరు రెండుసార్లు చదవండి.

ఇక అమ్మాయి ఇష్టం. 'ఓడలంటే ఇష్టం' అని నాతో ఎవరన్నా అంటే, ఏ ఓడ అని అడుగుతాను. చాలామంది విహార నౌకల ఫొటోలు చూసి వస్తారు. ప్రపంచ సరుకు రవాణాలో పరిమాణం లెక్కన 80 శాతానికి పైగా మోసేవి మాత్రం ఫొటోల్లో అంత అందంగా కనిపించని ఓడలు. వాటిలో ఒక్కో రకం ఇంజినీరు ముందు ఒక్కో చిక్కుముడి పెడుతుంది. బొగ్గు, ధాన్యం, ఇనుప ఖనిజం మోసే బల్క్ క్యారియర్ చూడటానికి తేలే తొట్టిలా ఉంటుంది. ఇనుప ఖనిజం ఎంత బరువంటే, సరుకు గదులు నిండకముందే ఓడ మోయగల బరువు పూర్తవుతుంది. తడి ఎక్కువైన ఖనిజం ప్రయాణంలో కుదుపులకు బురదలా మారి ఒక పక్కకు జారగలదు. 2015లో బాక్సైట్ ఖనిజంతో వెళ్తున్న బల్క్ జూపిటర్ అనే ఓడ మునగడంతో ఈ ప్రమాదం మీద అందరి దృష్టీ పడింది.

కంటైనర్ ఓడల కథ 1956లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో బయలుదేరడంతో ఊపందుకుంది. ఇప్పటి పెద్ద ఓడలు దాదాపు 400 మీటర్ల పొడవుండి, ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 24,000కు పైగా మోస్తాయి. పెట్టెలు దించడానికి వీలుగా డెక్ పైభాగమంతా తెరిచే ఉండాలి. మూత ఉన్న అట్టపెట్టెను, మూత కత్తిరించేసిన పెట్టెను చేతులతో మెలితిప్పి చూడమనండి. రెండోది ఎందుకంత తేలిగ్గా మెలి తిరుగుతుందో చెప్పగలిగితే, డిజైనర్లకు నిద్ర పట్టనివ్వని విషయం ఆమెకు అప్పుడే పట్టుబడినట్టు.

చమురు ట్యాంకర్లకు రెండు పొరల హల్, అంటే ఓడ బయటి ఒళ్లు, ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే 1989లో సముద్రంలో చమురు ఒలకబోసిన ఎగ్జాన్ వాల్డీజ్ ట్యాంకర్ ప్రమాదం గురించి చదవాలి. సహజవాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి, దాదాపు ఆరు వందల వంతుకు కుదించి మోసే ఎల్‌ఎన్‌జీ ఓడల మీద నాకు కాస్త పక్షపాతం ఉంది. మామూలు ఉక్కు ఆ చలికి పెళుసైపోతుంది. అందుకని కొన్ని ట్యాంకుల లోపలి గోడకు నికెల్ కలిసిన ఇన్వార్ లోహాన్ని 0.7 మిల్లీమీటర్ల మందంలో పరుస్తారు. మిల్లీమీటరైనా లేని రేకు అది! దాన్ని చూసి మనసు పడిన పిల్లలు మళ్లీ వేరే ఓడ పేరెత్తరు.

నిండుకుండ తొణకదని మనవాళ్లు మనుషుల గురించి అంటారు గానీ, ఓడల స్థిరత్వం చెప్పే మాస్టార్లకు అది అక్షరాలా పాఠం. సగం నిండిన ట్యాంకులో ద్రవం ఓడ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి, ఒరుగును ఇంకా పెంచుతుంది. కార్లు, లారీలు నేరుగా నడిచి ఎక్కే రోరో ఓడల్లో వాహనాల డెక్ అడ్డుగోడలు లేని పొడవాటి హాలులా ఉంటుంది. 1987లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ముందు తలుపులు మూయకుండానే బయలుదేరింది. ఆ డెక్ మీదికి నీరు చేరడంతో రేవు దాటిన కాసేపటికే పక్కకు పడిపోయింది. 193 మంది చనిపోయారు. ఒక పళ్లెంలో వేలెడు లోతు నీళ్లు పోసి గది దాటించమంటే చాలు, మీ అమ్మాయికి ఇందులోని భౌతికశాస్త్రం చేతికే తెలుస్తుంది.

రోబోల మాటకు వస్తే, మీ తమ్ముడు గారు చెప్పింది సగం నిజం. తిన్నగా సాగే అతుకులను యంత్రాలు మనిషికన్నా చక్కగా వెల్డింగ్ చేస్తాయి. ఇరుకైన అడుగు గదుల్లోకి దూరి చేసే పని ఇంకా చాలావరకు మనిషిదే. నేటి ఓడను కొన్ని వందల టన్నుల బ్లాకులుగా విడివిడిగా కట్టి, పైపులు, కేబుళ్లు ముందే అమర్చి, డ్రై డాక్‌లో, అంటే నీరు తోడేసిన పెద్ద గుంతలో, కలుపుతారు. వెల్డింగ్ వేడి చల్లారేటప్పుడు ఉక్కు కుంచించుకుపోతుంది. రెండు బ్లాకుల అంచులు కొన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చినా తంటానే. ఆ కుంచింపును ముందే లెక్కగట్టడం ఒక ఉద్యోగం.

పద్ధతి మారినప్పుడల్లా ఇంజినీరు పని పెరిగిన రంగమిది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో, ఉక్కు రేకులను కలిపి బిగించే రివెట్లు వదిలి, వెల్డింగ్‌తో లిబర్టీ అనే సరుకు ఓడలు 2,710 కట్టారు. వాటిలో ఒకదాన్ని ప్రచారం కోసం నాలుగున్నర రోజుల్లో నీటిలోకి దించారు. అదే కాలంలో, 1943 జనవరిలో, వెల్డింగ్‌తో కట్టిన స్కెనెక్టడీ అనే ట్యాంకర్ నిశ్చలమైన నీటిలో, రేవులో ఉండగానే దాదాపు రెండుగా విరిగింది. ఉక్కు చలికి పెళుసు కావడం, అతుకు లోపాలు, పగులు ఆగడానికి మధ్యలో రివెట్ కీలు లేకపోవడం కలిసి చేసిన పని అది. పగుళ్ల శాస్త్రం ఆ దెబ్బతోనే ఎదిగింది.

ఇప్పుడు మారుతున్నది ఇంధనం. 2050 నాటికి, లేదా ఆ దరిదాపుల్లో, ఓడల నికర ఉద్గారాలు సున్నా కావాలని అంతర్జాతీయ సముద్ర సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది. ఓడ పాతికేళ్లు బతుకుతుంది కాబట్టి, ఆ ఓడల గీతలు ఇప్పుడే గీయాలి. మిథనాల్ వాడితే అదే శక్తికి చమురుకన్నా దాదాపు రెండున్నర రెట్ల ట్యాంకు కావాలి. ఆ చోటు సరుకు నుంచి కోసుకోవాలా, ఓడను పొడిగించాలా? అమ్మోనియా అయితే విషవాయువు. 1924లో ఆంటన్ ఫ్లెట్నర్ తిరిగే స్తంభాలతో గాలిని పట్టి ఓడ నడిపితే వింతగా చూశారు. ఇప్పుడు అవే స్తంభాలను సరుకు ఓడలకు మళ్లీ బిగిస్తున్నారు.

దాచకుండా చెప్పాల్సినవి రెండున్నాయి. ప్రపంచ ఓడల నిర్మాణంలో టన్నుల లెక్కన 90 శాతానికి పైగా చైనా, దక్షిణ కొరియా, జపాన్‌లదే, కాబట్టి యార్డు ఉద్యోగమే కావాలంటే దూరదేశానికి సిద్ధపడాల్సి రావచ్చు. పైగా ఈ రంగంలో ఆర్డర్లు ఆటుపోట్ల లాంటివి. అమ్మాయి ఇంకా ఊగిసలాడుతుంటే మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, పీజీలో నేవల్ ఆర్కిటెక్చర్‌కు రావడం తెలివైన దారి. పట్టుదల గట్టిగా ఉంటే నేరుగా చేరనివ్వండి. చేరేముందు కళాశాలలో ఓడ నమూనాలను లాగి పరీక్షించే టోయింగ్ ట్యాంకు ఉందో లేదో, విద్యార్థులను ఎన్ని నెలలు యార్డుకు పంపుతారో అడగండి.

ఒకవేళ ఆమె మనసు మారి, ఓడ నడిపే కోర్సు వైపు మొగ్గితే, ఫీజు కట్టడానికి ముందే రంగులు గుర్తించే కంటి పరీక్ష చేయించండి. రాత్రి వేళ ఎదురొచ్చే ఓడ ఎటు తిరుగుతోందో ఎరుపు, ఆకుపచ్చ దీపాలను బట్టే తెలుసుకోవాలి. ఆ పరీక్షలో తప్పితే మార్కులెన్ని వచ్చినా డెక్ మీదికి రానివ్వరు.