ఫ్రిజ్ కాలిపోతే ఫ్రిజ్ ఒక్కటే అడగకు: బుజ్జికి ఉత్తరం

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ఫ్రిజ్‌కి మంటలంటుకున్నా పిల్లలకీ అల్లుడికీ ఏమీ కాలేదని నువ్వు ఫోన్‌లో చెప్పాకే నా మనసు కుదుటపడింది. అయితే ప్రాణాలు దక్కాయి కదా, మిగతావి పోతే పోనీ అని మాత్రం ఊరుకోకు. వినియోగదారుల సంఘంలో ఉండి ఇలాంటి ఫిర్యాదులు ఎన్నో రాయించాను. ఎక్కువమంది ఎక్కడ నష్టపోతారో చూశాను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

కంపెనీవాళ్ళు కొత్త ఫ్రిజ్ ఇచ్చి, కాలిన ఫ్రిజ్ తీసుకెళ్తామన్నారని చెప్పావు. ఇప్పుడే ఇవ్వకు. లోపం ఎక్కడుందో తేల్చడానికి మిగిలిన సాక్ష్యం ఆ కాలిన ఫ్రిజ్జే. అది గడప దాటితే, తప్పు మీ ఇంటి వైరింగుదే అని వాళ్ళన్నా నీ దగ్గర జవాబుండదు. పైగా కొత్తది దింపేటప్పుడు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. అందులో ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అని ఉంటే, కాలిన అల్మారాలు, మిక్సీ, నీ కుట్టుమిషన్, పాడైన సీలింగ్ అన్నీ ఆ సంతకంతో వదులుకున్నట్టే అని వాళ్ళు వాదిస్తారు. ఇంజనీరు వస్తే చూడనివ్వు, ఫొటోలు తీసుకోనివ్వు, విప్పి ముక్కలు పట్టుకెళ్ళనివ్వకు. అతను చూసింది రాసిచ్చే కాగితంలో (జాబ్‌షీటు) ‘ఓల్టేజి సమస్య’ అని రాసి ఉంటే, ‘నేను ఒప్పుకోవడం లేదు’ అని పక్కనే రాసి సంతకం పెట్టి, దాన్ని ఫొటో తీసుకో.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘ఉత్పత్తి బాధ్యత’ అని ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అది 2020 జూలై నుంచి అమల్లో ఉంది. లోపమున్న వస్తువు వల్ల నీ ఇతర ఆస్తికి జరిగిన నష్టాన్ని తయారీదారు నుంచి రాబట్టుకోవచ్చు. తయారీలో లోపం ఉందని తేలితే, ‘మేం అజాగ్రత్తగా ఏమీ చేయలేదు’ అని కంపెనీ నిరూపించుకున్నా తప్పించుకోలేదు. వారంటీ అయిపోయిందన్న మాటకి కూడా భయపడకు. వారంటీ వేరు, ఈ బాధ్యత వేరు. ఫ్రిజ్ ధర మాత్రం ఈ లెక్కలోకి రాదు. దాన్ని లోపమున్న వస్తువుగా వేరే అడగాలి. రెండూ ఒకే ఫిర్యాదులో పెట్టొచ్చు. షాపువాళ్ళే బిగించి వెళ్ళారన్నావు కనుక వాళ్ళనీ కలుపు. బిగించడంలో శ్రద్ధ లేకపోతే అమ్మినవాడికీ బాధ్యత ఉంటుంది.

వాళ్ళ ఎదురువాదం ఎలాగూ ఊహించవచ్చు. మీరు సరిగ్గా వాడలేదనో, బయట మెకానిక్ చేత మార్పులు చేయించారనో అంటారు. అవి రుజువైతే నిజంగానే నీ కేసు పోతుంది. అందుకే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరింగ్, ఎర్తింగ్ చూపించి, చూసింది చూసినట్టు రాయించి సంతకం తీసుకో. ఆ రోజు మీ వీధిలో సరఫరా ఇబ్బంది ఏమైనా ఉందా అని కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసులో అర్జీ పెట్టి, జవాబు కాగితం మీద అడుగు. ఫైరింజన్ వచ్చింది కాబట్టి ఫైర్ స్టేషన్ నుంచి రిపోర్టు కూడా తెచ్చుకో. మంట ఎక్కడ మొదలైందో బయటివాళ్ళు రాసిన మాటకి విలువ ఎక్కువ.

నష్టాల జాబితా నువ్వూ అల్లుడూ కూర్చుని రాయండి. వస్తువు, ఎప్పుడు కొన్నది, ఎంతకి, ఇప్పుడు బాగు చేయించడానికెంత. బిల్లులు లేనివాటికి యూపీఐ లావాదేవీలు, గృహప్రవేశం ఫొటోలు పనికొస్తాయి. వడ్రంగి దగ్గరా పెయింటర్ దగ్గరా కొటేషన్లు తీసుకో. పాత వస్తువుకి కొత్త ధర వేయకు నాన్నా. ఒక్క అంకె ఎక్కువ రాశావని తేలితే మిగతా నిజాలన్నిటినీ అనుమానంగా చూస్తారు. కుట్టుమిషన్ రాయి. మిషన్ లేక పోగొట్టుకున్న బ్లౌజుల ఆర్డర్ల ఆదాయం మాత్రం రాయకు. వ్యాపార నష్టాన్ని ఈ చట్టం ఉత్పత్తి బాధ్యత కింద లెక్కించదు. ఆస్తి నష్టంతో పాటు మీరు పడిన మానసిక వేదనకి వేరే అడగొచ్చు.

ముందు కంపెనీకీ షాపుకీ పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చెయ్యి. వాళ్ళు కంపెనీతో మాట్లాడతారు గానీ ఆదేశం ఇవ్వలేరు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి, అంటే కన్స్యూమర్ కోర్టుకి వెళ్ళాలి. హైదరాబాదులో కొన్నా సరే, నువ్వుండేది ఖమ్మంలో కాబట్టి ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఫీజు లెక్క నువ్వడిగే పరిహారం మీద కాదు, వస్తువుకి చెల్లించిన ధర మీద. ఆ ధర 5 లక్షలు దాటకపోతే ఫీజే లేదు. లాయరు తప్పనిసరి కాదు. మంటలు వచ్చిన రోజు నుంచి 2 ఏళ్ళ లోపు వేయాలి, కానీ అంతదాకా ఆగకు.

ఫిర్యాదులోనే, ఫ్రిజ్‌ని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించమని కమిషన్‌ని కోరు. ఆ ఖర్చు ముందు నీచేత కట్టించవచ్చు, వెనకాడకు. పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాస్తవంలో ఇంకా ఎక్కువే పట్టొచ్చు, ఓపిక పట్టాలి.

ఇంటికి బీమా ఉందేమో అల్లుణ్ణి ఈరోజే చూడమను. ఉంటే సర్వేయరు వచ్చి చూసేదాకా వంటగది శుభ్రం చేయించొద్దు.

కమిషన్ నోటీసు అందాక వాళ్ళు జవాబివ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ జవాబు రాగానే ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు, మన సమాధానం ఇద్దరం కలిసి రాద్దాం.

మీ పెదనాన్న