పిడుదు కుట్టిన చోట మచ్చ, టెస్టేమో నెగెటివ్: మామగారికి ముందు ఈసీజీ తీయించండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా మామగారికి 67 ఏళ్లు, విజిటర్ వీసా మీద వచ్చి నాలుగు నెలలైంది. రోజూ బ్యాక్‌యార్డ్‌లో మొక్కల పని చేస్తుంటారు. మూడు వారాల కింద మోకాలి వెనక చిన్న పిడుదు పట్టుకుని ఉంటే మా వారు పీకేశారు. వారం తర్వాత అక్కడ ఎర్రగా మచ్చ లేచింది, ఇప్పుడు అరచెయ్యంత అయింది. దురద లేదు, నొప్పి లేదు. మచ్చ లేచిన రెండో రోజు అర్జెంట్ కేర్‌లో లైమ్ (పిడుదు కాటుతో వచ్చే బ్యాక్టీరియా జబ్బు) టెస్ట్ చేయిస్తే నెగెటివ్ వచ్చింది. ఇండియా నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ మూడ్రోజులు వేశాం, తామర క్రీమ్ కూడా రాస్తున్నాం. వచ్చే నెల ఆయన ఇండియా వెళ్లిపోతారు, అక్కడ ఏ ల్యాబ్‌లో లైమ్ టెస్ట్ మళ్లీ చేయించాలి? ఇది పిల్లలకి అంటుకుంటుందా? ఈ మధ్య లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి అంటున్నారు, అది బీపీ మాత్ర వల్లేమో.

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి తర్వాత వస్తాను. అన్నీ రాసేశాక ఆఖర్లో ఒక మాట రాశారు చూడండి, కళ్లు తిరుగుతున్నాయి అని, నాకు అసలు కంగారు దాని గురించే. పిడుదు కుట్టి మూడు వారాలు, పెరుగుతున్న మచ్చ, 67 ఏళ్లు, దాని మీద కళ్లు తిరగడం. ఈ నాలుగూ ఒకే మనిషిలో కనపడితే నా క్లినిక్‌లో అయితే ఇంకేం అడక్కుండా ముందు ఈసీజీ తీయిస్తాను. లైమ్ బ్యాక్టీరియా కొద్దిమందిలో గుండెకి పాకుతుంది, పై గదుల నుంచి కింది గదులకి వెళ్లే కరెంటు మధ్యలో నెమ్మదించిపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. రిపోర్ట్ అయిన కేసుల్లో సుమారు నూటికి ఒకరికి వస్తుంది, అంటే అరుదే, కానీ ఆ ఒక్కరూ మీ మామగారు కాదని ఈసీజీ చూడకుండా ఎవరూ చెప్పలేరు. టైమ్‌కి యాంటీబయాటిక్ పడితే చాలామందికి పూర్తిగా సర్దుకుంటుంది, కొందరికి కొన్నాళ్లు టెంపరరీ పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. బీపీ మాత్ర వల్ల కూడా కళ్లు తిరగొచ్చు, కాదనను. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఆయన వాడే మందులన్నీ కవర్లో వేసుకుని వెళ్లండి, మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.

ఇది చదివిన రోజే వెళ్లండి. స్పృహ తప్పినా, ఆయాసం వచ్చినా, గుండె దడదడలాడినా ఇంక కారు తియ్యొద్దు, 911కి కొట్టండి. విజిటర్ ఇన్సూరెన్స్ కవర్ చేస్తుందో లేదో అని వెనకాడుతుంటారని నాకు తెలుసు, ఆ భయం ఊరికే వచ్చింది కాదు, కానీ ఇక్కడ 1986 నుంచి చట్టం ఉంది, ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు సంగతి ఎలా ఉన్నా ముందు పరీక్ష చేసి, ప్రాణాపాయం ఉంటే స్టెబిలైజ్ చెయ్యాల్సిందే. బిల్లు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు ఆ మచ్చ సంగతి. ఫొటో లేదు, మనిషిని నేను చూడలేదు, కాబట్టి లైమే అని నేను తేల్చి చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసిన తీరు అచ్చంగా దానిలాగే ఉంది. పిడుదు కుట్టిన రోజో మర్నాడో చిన్నగా ఎర్రగా లేచి రెండ్రోజుల్లో పోతే అది కుట్టినందుకు చర్మం చూపించే రియాక్షన్, దానికి భయం లేదు. లైమ్ మచ్చ అలా కాదు, 3 రోజుల నుంచి 30 రోజుల మధ్యలో ఎప్పుడైనా మొదలవుతుంది, ఎక్కువగా వారానికి, రోజురోజుకీ పాకుతుంది, ముట్టుకుంటే కాస్త వెచ్చగా ఉండొచ్చు గానీ దురద, నొప్పి పెద్దగా ఉండవు. అందుకే జనం పట్టించుకోరు. ఇంటర్నెట్లో అందరూ చూసేది తెల్లటి ఒంటి మీద గుండ్రటి గురి బొమ్మలాంటి ఫొటో, మధ్యలో చుక్క చుట్టూ రింగు. చాలామందికి ఆ రింగు రాదు, మొత్తం ఒకే రంగులో ఉంటుంది, మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కూడా సరిగా కనపడదు, దెబ్బ తగిలి కమిలినట్టు ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ఒకాయన నడుం మీద మచ్చకి తామర అనుకుని ఊరి నుంచి తెచ్చుకున్న ట్యూబ్ మూడు వారాలు రాశారు. ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే పుక్కిలించిన నీళ్లు నోటి పక్కనుంచి కారిపోయాయట, అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. పక్షవాతం అనుకుని పరిగెత్తుకొచ్చారు. లైమ్ ముఖం నరానికి పాకింది. తగ్గింది, కానీ మచ్చ చిన్నగా ఉన్నప్పుడే చూపించి ఉంటే పది రోజుల మాత్రలతో పోయేదేమో.

టెస్ట్ నెగెటివ్ కదా అని మీరు ధైర్యంగా ఉన్నారు, ఆ ధైర్యం వద్దు. ఆ టెస్ట్ బ్యాక్టీరియాని వెతకదు, మన ఒంట్లో దాని మీద తయారైన యాంటీబాడీలని వెతుకుతుంది, అవి తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. మచ్చ లేచిన రెండో రోజు చేయిస్తే నెగెటివ్ రావడంలో వింతేం లేదు. లైమ్ ఉన్న ఏరియాలో, పిడుదు కుట్టాక ఇలా పెరిగే మచ్చ వస్తే చూసిన డాక్టర్ కంటితోనే నిర్ధారించి మందు మొదలుపెడతారు, బ్లడ్ టెస్ట్ కోసం ఆగరు. మీరు అర్జెంట్ కేర్‌లో మచ్చ చూపించారా, లేక టెస్ట్ మాత్రమే అడిగి వచ్చేశారా రాయలేదు. 

అసలు ఈ జబ్బు బయటపడిందే ఇంట్లోవాళ్లు చూసి రాసిపెట్టుకున్న వివరాల వల్ల. 1975లో కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి చుట్టుపక్కల పిల్లలకి మోకాళ్లు వాచిపోతుంటే కీళ్లవాతం అని డాక్టర్లు పేరు పెట్టేశారు. పాలీ ముర్రే అనే తల్లి ఊరుకోలేదు, ఎవరికి ఎప్పుడు ఏమొచ్చిందో రాసుకుని అధికారుల వెంట పడింది. యేల్ యూనివర్సిటీ నుంచి ఆలెన్ స్టియర్ బృందం వచ్చి వాకబు చేస్తే, వాపుకి కొన్ని వారాల ముందు ఒంటి మీద పాకే మచ్చ వచ్చిందని కొందరు చెప్పారు. ఆ మచ్చే దారి చూపించింది. బ్యాక్టీరియాని పిడుదు పొట్టలో విల్లీ బర్గ్‌డార్ఫర్ కనిపెట్టిన సంగతి అచ్చయింది 1982లో. మీరూ ఒక పని చెయ్యండి, మచ్చ అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన స్కేల్ పెట్టి, తేదీతో ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి. దానికోసం రేపటిదాకా ఆగొద్దు, ఈరోజు వెళ్తూనే తీయండి.

ఇంక అజిత్రోమైసిన్. కోప్పడుతున్నానని అనుకోవద్దు, కానీ సూట్‌కేసులో వచ్చే ఈ స్ట్రిప్పులతో నాకు రోజూ తలనొప్పే. లైమ్‌కి అది మొదటి మందు కాదు, మిగతావి పడనివాళ్లకి మాత్రమే ఇస్తారు, పైగా మూడ్రోజుల కోర్సు లైమ్‌కి సరిపోదు. సగం మందు వేస్తే జబ్బు పోదు సరికదా యాంటీబాడీలు సరిగా తయారవక తర్వాత చేసే టెస్ట్ కూడా తేడాగా రావచ్చు, అప్పుడు మాకూ అయోమయమే. గుండె కరెంటు మీద కూడా దాని ప్రభావం ఉంటుంది, కాబట్టి వేసిన సంగతి దాచకుండా చెప్పండి. మచ్చ దశలో మామూలుగా డాక్సీసైక్లిన్ 10 రోజులు ఇస్తారు, లేదంటే అమాక్సిసిలిన్‌లాంటివి 14 రోజులు. గుండెకి పాకితే కథ వేరు, హాస్పిటల్లో పెట్టి నరానికి ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు. అందుకే ఇది చదివి ఇంట్లో ఉన్న డాక్సీ స్ట్రిప్ తియ్యొద్దు, చూసిన డాక్టరే రాయాలి. క్యాల్షియం, ఐరన్, గ్యాస్ మందులు వాడుతుంటే అదీ చెప్పండి, వాటితో కలిపి వేస్తే డాక్సీ ఒంటికి పట్టదు.

ఇండియా వెళ్లాక చూద్దాం అనే ఆలోచన పూర్తిగా వదిలెయ్యండి. అక్కడ లైమ్ చాలా అరుదు, డాక్టర్లకి అది తట్టకపోవడంలో తప్పు లేదు. ఇంకోటి కూడా ఉంది, ఇదే పిడుదు మరికొన్ని జబ్బులు మోస్తుంది. వాటిలో బబీసియా అనే పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో చేరి అచ్చం మలేరియాలాగా చలి జ్వరం తెప్పిస్తుంది, పెద్దవాళ్లలో తీవ్రంగా ఉంటుంది, డాక్సీకి లొంగదు. మైక్రోస్కోప్ కింద చిన్న చిన్న రింగుల్లా కనపడుతుంది, ఫాల్సిపారం మలేరియా కూడా అలాగే కనపడుతుంది. ఆయన ఊరెళ్లాక జ్వరం వచ్చిందనుకోండి, అక్కడి ల్యాబ్‌లో రింగులు చూసి మలేరియా అని రాసేస్తారు, వాళ్ల అనుభవం ప్రకారం అది సహజమే. అందుకే ఫలానా తేదీన న్యూజెర్సీలో పిడుదు కుట్టింది, ఈ మందు ఇన్ని రోజులు వాడాం, బబీసియా కూడా చూడండి అని ఒక కాగితం మీద రాసి, ఈసీజీ కాపీతో పాటు ఆయన పాస్‌పోర్ట్‌లో పెట్టండి. ఇక్కడ ఉండగానే జ్వరం ఉంటే ఇప్పుడే స్మియర్, అంటే రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష, అడగండి.

పిల్లలకి అంటుకోదు. ఒకే ఇంట్లో ఉన్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. కానీ అదే పెరట్లో ఆడుకుంటారుగా, భయం అక్కడ. పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది, కుట్టినా తెలీదు. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, తలలో, చంకల్లో, బొడ్డు దగ్గర, మోకాళ్ల వెనక వేళ్లతో తడిమి చూడండి. బట్టలు ఉతకడానికి ముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి. కనపడితే సన్నటి మొన ఉన్న ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగండి, వ్యాజలిన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. లైమ్ బ్యాక్టీరియా ఎక్కడానికి మామూలుగా 24 గంటలకి పైనే పడుతుంది, రోజూ చూసుకుంటే చాలామటుకు తప్పించుకోవచ్చు. చాలాసేపు పట్టుకుని ఉందని అనుమానమొస్తే తీసేసిన 72 గంటల్లోపు డాక్టర్‌ని అడగండి, కొందరికి ఒక్క డోస్ డాక్సీ ముందుజాగ్రత్తగా ఇస్తారు. మీ మామగారికి ఆ టైమ్ ఎప్పుడో దాటిపోయింది, ఆయనకి ఇప్పుడు కావాల్సింది డాక్టర్ చెయ్యి పెట్టి చూడటం, ఈసీజీ. రిపోర్ట్‌లో పీఆర్ ఇంటర్వల్, అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకి కరెంటు చేరడానికి పట్టే టైమ్, ఎంతొచ్చిందో అడిగి రాసుకోండి, నాకు అదే మెసేజ్ చెయ్యండి.